పోస్టరుకు రెండు ప్రశ్నలు

కవిత్వం గురించీ, కథ గురించీ మన పత్రికల్లో వస్తురూపాల చర్చ దశాబ్దాలుగా సాగింది. పోస్టరు గురించి అలాంటి చర్చ దాదాపు లేదు. సభకు పదిరోజుల ముందు హడావుడిగా అచ్చువేయించి, గోడకంటించి, మరచిపోయే కాగితంగానే దాన్ని చూస్తూ వచ్చాం. నిజానికి మన పుస్తకం ఎన్నడూ చేరని మనిషిని సైతం చేరగలిగేది పోస్టరే. కనుక దానికీ విమర్శ అవసరం.

1968 మే నెలలో పారిస్‌లో విద్యార్థుల, కార్మికుల తిరుగుబాటు సాగుతున్నప్పుడు, అక్కడి లలితకళల విద్యాలయాన్ని ఆక్రమించుకున్నవారు 'ప్రజా చిత్రశాల' అనే పేరుతో వందల రకాల పోస్టర్లు తయారుచేశారు. సిల్క్‌స్క్రీన్ అచ్చు, చాలావాటికి ఒకే రంగు, చిత్రకారుడి సంతకం ఉండదు. నమూనాను అందరి ముందూ పెట్టి రెండు ప్రశ్నలు వేసుకునేవారు. ఇందులోని రాజకీయ భావం సరైనదేనా? ఆ భావాన్ని ఈ పోస్టరు సరిగా అందిస్తున్నదా?

మనం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాం. తీర్మానంలో ఏ మాట ఉండాలో తెల్లవార్లూ వాదించుకుంటాం. తర్వాత ఆ తీర్మానాన్నంతా తెచ్చి పోస్టరులో కుక్కుతాం. పైన సంఘం పేరు, దానికింద ఎన్నో మహాసభో ఆ సంఖ్య, ఏడు డిమాండ్లు, పన్నెండుమంది వక్తల పేర్లు, మిగిలిన మూలలో ఒక పిడికిలి. బస్సుకోసం పరుగెత్తే మనిషి ఇందులో దేన్ని చదవాలి? వక్తల పేర్ల వరుసలో ఎవరి నొప్పీ లేకుండా చూసుకున్న మనం, చదవవలసినవాడి ఇబ్బందిని లెక్కలోకి తీసుకోలేదు.

ఇలా అంటే రూపవాదమని కొందరు మిత్రులు తోసిపుచ్చుతారు. వారు జర్మన్ చిత్రకారిణి కేథే కోల్విట్జ్ 1924లో లైప్జిగ్ యువజన సమావేశం కోసం వేసిన యుద్ధవ్యతిరేక పోస్టరును చూడాలి. ఆమె చిన్నకొడుకు పీటర్ 1914లో, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు. యుద్ధం గురించి ఆమెకు చెప్పవలసింది చాలా ఉన్నది. అయినా పోస్టరులో ఉన్నది ఒక్క మనిషే: ప్రమాణం చేస్తున్నట్టు చెయ్యి పైకెత్తి, నోరు తెరిచి అరుస్తున్న యువరూపం. యుద్ధం ఇంకెన్నడూ వద్దని చెప్పే మూడే మాటలు. బొమ్మ గీసిన గీతతోనే ఆ అక్షరాలూ రాసింది. ఇది వస్తువును తగ్గించడం కాదు. వస్తువు నుంచి ముఖ్యమైనదాన్ని ఎంచుకోవడం. ఎంచుకోవడానికి కళాకౌశలం ఒక్కటే చాలదు, రాజకీయ స్పష్టత కావాలి.

రెండో ప్రశ్నకు మాత్రమే జవాబున్న పోస్టర్లూ ఉన్నాయి. కుటుంబ నియంత్రణ ప్రచారానికి ప్రభుత్వం వాడిన ఎర్రత్రికోణం చదువురానివారికీ ఇట్టే గుర్తుండిపోయింది. కానీ పేదవాడి పేదరికానికి అతని పిల్లలే కారణమన్న ధోరణి ఆ ప్రచారం వెనక ఉన్నది. 1975-77 ఎమర్జెన్సీ కాలంలో, ముఖ్యంగా ఉత్తరాదిన, బలవంతపు ఆపరేషన్ల తర్వాత ఆ గుర్తే భయాన్ని తలపించింది. స్పష్టత ఒక్కటే సుగుణం కాదు. రెండు ప్రశ్నలూ కలిసే ఉండాలి.

మన లిపి సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంగ్లీషులోలా పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా మనకు లేదు. ఏది ముఖ్యమో అక్షరాల పరిమాణంతోనూ, చుట్టూ వదిలే ఖాళీతోనూ చెప్పాలి. పైవరుస వత్తులు కిందవరుస గుడులతో ఢీకొంటాయి కనుక వరుసల మధ్య ఎడం ఉండాలి. 'వ'కూ 'ప'కూ తేడా అంతా తలకట్టు కలిసిందా, విడిగా ఉన్నదా అనే దానిలోనే ఉన్నది. లావుపాటి అక్షరాలు, వాటికి వేసే నీడలు ఆ కాస్త సందునూ మింగేస్తాయి. నల్లబల్ల మీద రాసే ఏ ఉపాధ్యాయుడికైనా ఇది తెలుసు: వెనకబెంచీ పిల్లవాడికి కనబడని అక్షరం రాయనట్టే లెక్క.

ఇవాళ ఫ్లెక్సీలు వచ్చాయి, పోస్టరు సెల్‌ఫోనులోనూ తిరుగుతున్నది. కంప్యూటరు మీద ఎన్ని రంగులైనా, ఎన్ని ముఖాలైనా సులువుగా చేర్చవచ్చు గనుక రద్దీ ఇంకా పెరిగింది. అరచేతిలో ఇమిడే తెరమీద ఏడు డిమాండ్లు చీమలబారులా కనిపిస్తాయి. 'గోడపత్రిక ఆవిష్కరణ' పేరుతో నాయకులు దాన్ని పట్టుకుని ఫొటో దిగడమే ప్రధానమైపోయింది. ఫొటో పత్రికకెక్కుతుంది, కాగితాల కట్ట ఆఫీసులో మిగిలిపోతుంది. ఎవరికోసమో మరచిపోయిన పోస్టరు చివరికి మనకోసమే మిగులుతుంది.

చేయవలసిన పని కష్టమైనదేమీ కాదు. నమూనాను అచ్చుకు పంపేముందు మన సంఘంలో లేనివారికి చూపాలి: ఒక హమాలీకి, బీడీలు చుట్టే ఒకామెకు, ఆరోతరగతి పిల్లకు. పదడుగుల దూరంలో పెట్టి, కాసేపు చూడనిచ్చి, తీసేసి, ఏమర్థమైందో అడగాలి. చదువురానివారుంటే బొమ్మ ఏం చెప్పిందో అడగాలి. వారు చెప్పినదీ, మనం చెప్పదలచినదీ ఒకటి కాకపోతే ప్రజల చైతన్యస్థాయిని తప్పుపట్టే అలవాటు మానుకుని, ఆ కాగితాన్ని మళ్లీ గీయాలి.