పురుగు మందుకు అలవాటు పడినదా?

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల పత్తి రైతును పురుగు ఎందుకు చావడంలేదని అడిగితే, ఒక్క మాటలో చెప్పుతాడు: "మందుకు అలవాటు పడిపోయిందండీ." పత్రికలు ఈ మాటనే కొంచెం ముస్తాబు చేసి "పురుగు నిరోధకశక్తిని పెంచుకున్నది" అని వ్రాస్తాయి. రైతు చూచినది నిజమే. తొలుత ఒక్క పిచికారీతో రాలిన పురుగు తరువాత నాలుగింటికీ రాలలేదు. కాని దానికి చెప్పే కారణం మాత్రం డార్విన్‌ది కాదు, లామార్క్‌ది. అవసరాన్నిబట్టి జీవి మారుతుందనీ, ఆ మార్పు సంతానానికి సంక్రమిస్తుందనీ లామార్క్ 1809లో చెప్పినాడు. జీవపరిణామ పాఠం చదివి మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి కూడా పొలం గట్టున ఈ మాటే అంటున్నాడంటే, లోపం పాఠం చెప్పే తీరులో ఉన్నదనుకోవాలి.

కొంత లోపం పరిభాషది. స్పెన్సర్ 1864లో పుట్టించిన పదబంధాన్ని డార్విన్ 1869లో తన గ్రంథం అయిదవ కూర్పులో చేర్చుకున్నాడు. అది తెలుగులో "యోగ్యతమ సార్థక జీవనం" అయినది. ఆ "సార్థక" ఎందుకు వచ్చి చేరినదో గాని, వినగానే జీవి ఏదో సాధించాలని పూనుకొని సాధించినట్లు తోస్తుంది. మిగిలిన లోపం ఉదాహరణలది. జిరాఫీ మెడ మన పిల్లలు చూచినది కాదు. అది సాగిన కాలాన్ని ఊహించుకొనడమూ సులభం కాదు. కృష్ణా జిల్లా మెట్టలో (2022 నుండి ఇది ఎన్.టి.ఆర్. జిల్లా) పండే పత్తినే ఉదాహరణగా తీసుకొనవచ్చును.

సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మన దేశానికి 1980 ప్రాంతంలో వచ్చినవి. 1987-88 పంటకాలం నాటికి కోస్తా ఆంధ్ర పత్తి చేలలో శనగపచ్చ పురుగు వాటికి లొంగలేదు. పిచికారీ మీద పిచికారీ చేసి, అప్పుల్లో మునిగిన రైతులలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు.

జరిగినదేమిటో ఒక లెక్కతో చూడవచ్చును. లక్ష పురుగులలో ఒకదానికి పుట్టుకతోనే మందును తట్టుకొనే లక్షణం ఉన్నదనుకొందాము. మందు మామూలు పురుగులలో నూటికి తొంభైని చంపుతుంది, ఈ ఒక్కదానిని చంపదు. అప్పుడు తట్టుకొనేవాటి నిష్పత్తి తరానికి పదిరెట్లు పెరుగుతుంది: పదివేలకు ఒకటి, వెయ్యికి ఒకటి, నూటికి ఒకటి, పదికి ఒకటి. అయిదవ తరానికి ఇంచుమించు సగానికి సగం. ఈ పురుగుకు తరమంటే నెల, నెలన్నర. సంకరాలవల్ల అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు గాని, వేగం ఎటువంటిదో తెలుస్తుంది. ఇందులో ఏ పురుగూ మందుకు అలవాటు పడలేదు. అలవాటు పడేంతకాలం బ్రతికితే గదా!

లక్షణం ముందే ఉన్నదని ఎట్లా తెలుసు? 1952లో లెడర్‌బర్గ్ దంపతులు బాక్టీరియాల సమూహాలను మఖమల్ గుడ్డపై అద్ది, వాటి నకళ్ళను మందు ఉన్న పళ్ళెంలో పెంచినారు. అక్కడ బ్రతికినవాటికి మూలమైన సమూహాలను మందు లేని మొదటి పళ్ళెంలో గుర్తించి పరీక్షించినారు. మందు సోకని ఆ బాక్టీరియాలూ దానిని తట్టుకున్నవి. డార్విన్‌కు ఇటువంటి ఆధారం లేదు. వైవిధ్యం ఎక్కడ పుడుతుందో తెలియక ఆయన కూడా అలవాటు వాదానికి కొంత చోటిచ్చినాడు. మెండెల్ సూత్రాలను ప్రకృతివరణంతో ముడివేసి లెక్కగట్టినవారు ఫిషర్, హాల్డేన్, రైట్. వీరిలో హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసినాడు.

మాట తేడాతో పోయేదేమిటని అడుగవచ్చును. పోయినది చేలలోనే కనబడుతుంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు 450 గ్రాముల విత్తనంతోపాటు 120 గ్రాముల బీటీ కాని విత్తనం వేరే పొట్లంలో ఇచ్చేవారు. చేను చుట్టూ దానిని వేయవలెను. చాలామంది ఆ పొట్లాన్ని పారవేసినారు. పురుగు తనంతట తానే అలవాటు పడుతుందని నమ్మినవానికి, పురుగుకు కొంత మేత వదలిపెట్టడం వెర్రిగానే తోస్తుంది. వరణం అర్థమైనవానికి కారణం కనబడుతుంది: ఆ చుట్టువరుసలలో బ్రతికిన మామూలు రెక్కపురుగులు, బీటీని తట్టుకొన్న కొద్దిపాటివాటితో జతకూడుతాయి. వాటి సంతానానికి నిరోధక జన్యువు ఒక్క వైపునుండే వస్తుంది. సాధారణంగా అది బీటీ మొక్కపై బ్రతకడానికి చాలదు.

గులాబీరంగు పురుగు గుజరాత్‌లో 2009 నాటికి ఒక జన్యువు బీటీని, తరువాత కొద్ది సంవత్సరాలలోనే రెండు జన్యువుల బీటీని తట్టుకున్నది. ఆ బెడద తెలుగు జిల్లాలకూ వచ్చినది. అమెరికాలోని అరిజోనా రైతులు 1996 నుండి మామూలు పత్తిని కూడా వేస్తూ వచ్చినారు. అక్కడ నిరోధకత చేలలో ప్రబలలేదు. 2006 నుండి వంధ్యపు రెక్కపురుగులను కూడా వదలినారు. 2018లో అమెరికా తన పత్తి చేలలో ఈ పురుగు నిర్మూలమైనదని ప్రకటించినది.

శనగపచ్చ పురుగు మాత్రం పైరిత్రాయిడ్లను తట్టుకున్నంత త్వరగా బీటీని తట్టుకోలేకపోయినది. అది కంది, శనగ, మిరప, టమాటాలను కూడా తింటుంది. పొట్లం పారవేసినా ఆ చేలలో మామూలు పురుగులు మిగులుతూనే ఉన్నవి. గులాబీరంగు పురుగుకు పత్తి తప్ప వేరే మేత దాదాపు లేదు.