నొప్పిని దాచినవాడు, చెప్పినవాడు

ఏళ్ల తరబడి నొప్పితో బతికేవాళ్లతో 'ఉన్నదానికి సంతోషించు' అనడం తేలిక. ఆ సంతోషం రోగి నోట ఎప్పుడు నిజమనిపిస్తుంది? ఫ్రెంచి నవలాకారుడు అల్ఫోన్స్ దోదే (1840–1897), జపాన్ హైకూ కవి మసఓకా షికి (1867–1902) రాతలను పక్కపక్కన పెట్టుకుని చదివితే జవాబు తెలుస్తుంది.

దోదేకు సిఫిలిస్ వెన్నుపాముకు పాకింది. షికి వెన్నెముకను క్షయ తొలిచింది. ఇద్దరికీ మార్ఫిన్ తప్పలేదు. ఇద్దరూ తమ నొప్పిని రాశారు.

దోదే తన బాధను ముక్కలు ముక్కలుగా నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన పోయాక మూడు దశాబ్దాలు దాటాకే అవి 'లా దూలూ'గా అచ్చయ్యాయి. ఆ పేజీల్లో ఓదార్పు అరుదు. బయట మాత్రం ఆయన వేరే మనిషి. ఇంట్లోవాళ్ల ముందు బాధను దిగమింగాడు, లమాలూ వేడినీటి బుగ్గల దగ్గర తోటి రోగులకు ధైర్యం చెప్పాడు. అంత మంచితనమూ ఆయన రాతలోకి రాలేకపోయింది.

షికికి ఆ దాపరికం లేదు. 1902 మేలో 'నిప్పొన్' పత్రికలో 'ఆరడుగుల రోగశయ్య' శీర్షిక మొదలుపెట్టి, చనిపోవడానికి రెండు రోజుల ముందు దాకా రాశాడు. నొప్పికి తాళలేక అరిచిన సంగతీ, మార్ఫిన్ వేసుకుని పూలబొమ్మలు గీసుకునే ఆనందమూ ఆ శీర్షికలోనే చెప్పాడు. మంచం మీద నుంచే తోట కనబడాలని శిష్యుడు క్యొషి ఆయన గదికి అద్దాల తలుపులు పెట్టించాడు. ఆ తలుపుల్లోంచి చూసిన కోడిజుట్టు పూల మీద షికి చూపిన ప్రేమను నేను నమ్ముతాను, ఎందుకంటే పక్కనే ఆయన అరుపు కూడా వినిపిస్తుంది.

పూలను మెచ్చుకున్నంత సులువుగా షికి మనిషిని మెచ్చుకోలేకపోయాడు. చెల్లెలు రిత్సు రోజూ ఆయన పుండ్లకు కట్లు మార్చేది. సొంత డైరీలో ఆమెను మొండిదని, జాలి లేనిదని తిట్టుకున్నాడు. ఆమె లేకపోతే తన బతుకు గడవదనీ అక్కడే ఒప్పుకున్నాడు. ఆయన రాతలన్నిటిలో నాకు విలువైనది ఆ ఒప్పుకోలే. నొప్పి మనిషిని చిరాకులోకి, స్వార్థంలోకి నెడుతుంది. అందులోంచే చెయ్యి చాచి, సేవ చేస్తున్న మనిషిని గుర్తించడం చాలా కష్టం.

అందుకే దోదే ఓర్పుకు నమస్కరిస్తూనే నేను షికి పక్షాన నిలబడతాను. మూలగడానికి చోటు లేని ఇంట్లో రోగి చెప్పే కృతజ్ఞత మర్యాదగానే మిగులుతుంది. మన ఇళ్లలో మంచాన ఉన్నవాళ్లను నవ్వమని అడిగే ముందు, వాళ్ల బాధను విసుక్కోకుండా వినడం మన బాధ్యత.