రెండో షాకర్ ఎవరికి?

సైకిల్ దుకాణంలో అడుగుపెట్టిన పిల్లవాడు మొదట అడిగేది ‘డబల్ షాకర్’ బండినే. ముందు చక్రానికో షాకర్, సీటు కింద ఇంకో షాకర్ ఉంటే గొప్ప. ముందొక్కటే ఉంటే చిన్నచూపు. పిల్లల బండ్ల దగ్గర పుట్టిన ఈ లెక్క పెద్దవాళ్ల దాకా పాకింది. జ్యోతినగర్ ఎన్టీపీసీ కాలనీలోనో, గోదావరిఖని యైటింక్లైన్ కాలనీలోనో ఉంటూ, ఆరోగ్యం కోసం మొదలుపెట్టిన సైకిల్‌ను గుట్టల వైపు తిప్పుదామనుకునే ఉద్యోగి కూడా ఇక్కడే ఆగిపోతాడు. అరవై, డెబ్బై వేలు పెడితే మంచి ముందు షాకర్ ఉన్న మౌంటెన్ బైక్ వస్తుంది. ఇంకో లక్ష వేస్తే వెనక షాకర్ కూడా వస్తుంది. దసరా ముందర లాభాల వాటా చేతికొచ్చే సింగరేణి ఇంట్లో, ఆ లక్ష దగ్గర ఎందుకు వెనకాడాలన్న ప్రశ్న సహజం. ముందు షాకర్ మాత్రమే ఉన్న బండిని హార్డ్‌టెయిల్ అంటారు, రెండూ ఉన్నదాన్ని ఫుల్ సస్పెన్షన్ అంటారు. బొగ్గు ప్రాంతంలో ఉంటూ, ఎప్పుడో ఒకసారి దూరాన ఉన్న ట్రయల్ సెంటర్‌కు పోవాలనుకునేవారికి మొదటి బండిగా హార్డ్‌టెయిలే సరైనది. మిగిలే డబ్బు సంగతి అటుంచినా ఇక్కడి తొవ్వలు, ఇక్కడి దుమ్ము, సైకిల్ తొక్కే విద్య మూడూ ఆ బండికే ఓటేస్తాయి.

ముందుగా షాకర్ చేసే పనేమిటో చూడాలి. కుదుపును మింగి ఒంటికి హాయినిచ్చే మెత్త అనుకుంటాం. దాని అసలు పని చక్రాన్ని నేలకు అంటిపెట్టి ఉంచడం. నేలను వదిలిన చక్రానికి బ్రేకు పట్టదు, మలుపు తిరగదు, తొక్కిన బలం అందదు. దీనికి రెండు భాగాలు కావాలి. ఒకటి స్ప్రింగు, అది ఇనుప చుట్ట కావచ్చు, గొట్టంలో బిగించిన గాలి కావచ్చు. రెండోది ఆ స్ప్రింగును అదుపుచేసే డ్యాంపరు. సన్నని రంధ్రాల గుండా నూనెను తోస్తూ, ఎగిరొచ్చే బలాన్ని వేడిగా మార్చేస్తుంది. పది, పదిహేను వేల డబల్ షాకర్ బండ్ల వెనక షాకర్‌లో సాధారణంగా స్ప్రింగు ఉంటుంది, చెప్పుకోదగ్గ డ్యాంపరు ఉండదు. అలాంటి బండి మీద ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కి చూడండి. కాలు కిందికి పోయినప్పుడల్లా సీటూ కిందికి దిగుతుంది, కాలు మారగానే పైకి లేస్తుంది. బండిని ముందుకు నడపాల్సిన బలంలో కొంత స్ప్రింగును నొక్కడానికే ఖర్చవుతుంది. రాయి ఎక్కి దిగితే ఆ స్ప్రింగు ఒక్కసారితో ఊరుకోదు, మూడు నాలుగు సార్లు ఊగుతుంది. కాబట్టి ఈ చవక డబల్ షాకర్ మన పోటీలోకే రాదు. పోల్చాల్సింది అసలైన ఫుల్ సస్పెన్షన్ బండితో. మన దేశంలో దాని ధర సుమారు లక్షన్నర దగ్గర మొదలై పైకి పోతుంది.

వెనక షాకర్ లేకుండా రాళ్ల బాటలో తొక్కడాన్ని లేనివాడి సర్దుబాటు అనుకోనక్కర్లేదు. అదొక విద్య, షాకర్ కంటే ముందే పుట్టిన విద్య. సద్దిగిన్నె తగిలించుకుని బాయి డ్యూటీకి పోయిన తరం కార్మికుల నల్ల సైకిల్‌ను గుర్తుచేసుకుంటే చాలు. హీరో, అట్లాస్, హెర్క్యులిస్, పేరేదైనా ఇనుప ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు. తోలు సీటు కింది స్ప్రింగులు, టైర్లలో గాలి, గుంత వచ్చినప్పుడు సీటు నుంచి కొద్దిగా లేచే మోకాళ్లు, ఇదే దాని సస్పెన్షనంతా. అమెరికాలోనూ కథ ఇలాగే నడిచింది. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో 1976 అక్టోబరులో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్ల మీద కొండ మట్టిబాటలో దిగే పందెం పెట్టుకున్నారు. వెనక్కి తొక్కితే పట్టే ఆ సైకిళ్ల బ్రేకులు కింది దాకా వచ్చేసరికి కాలిపోయి, లోపలి గ్రీజు పొగైపోయేది. పరుగు ముగిశాక మళ్లీ గ్రీజు నింపుకోవాలి కాబట్టి ఆ బాటకే ‘రీప్యాక్’ అన్న పేరు నిలిచింది. మరుసటేడు జో బ్రీజ్ ఈ పనికోసమే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. రాక్‌షాక్స్ కంపెనీ మొదటి ముందు షాకర్ 1989లో గానీ రాలేదు. అంటే మౌంటెన్ బైకింగ్ మొదటి పుష్కరకాలం మోకాళ్లు, మోచేతుల మీదే నడిచింది.

ఆ విద్యను దగ్గరగా చూద్దాం. దిగుడు మొదలయ్యేలోపే సీటు వదిలి లేవాలి. రెండు పెడళ్లూ ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి కిందికి వేలాడితే రాయికి తగులుతుంది. బరువు పాదాల మీద, మడమలు కొంచెం కిందికి, మోకాళ్లూ మోచేతులూ వంగి, చూపు పది గజాల ముందు ఉండాలి. ఇప్పుడు దారిలో రెండు పిడికిళ్లంత రాయి వచ్చిందనుకోండి. ముందు చక్రం దాన్ని ఎక్కగానే షాకర్ లోపలికి దిగి దెబ్బను మింగుతుంది. రెప్పపాటులో అదే రాయి వెనక చక్రం కిందికి వస్తుంది. అక్కడ షాకర్ లేదు. సరిగ్గా అప్పుడు మోకాళ్లు మడిచి బండిని పైకి రానిస్తే, చక్రం రాయిని దాటి మళ్లీ నేలను పట్టుకుంటుంది, నడుము ఉన్నచోటే ఉంటుంది. కూర్చునే ఉంటే దెబ్బ నేరుగా వెన్నుకు పోతుంది. టైరు రాయికీ రిమ్ముకీ మధ్య నలుగుతుంది. హార్డ్‌టెయిల్ ఈ తప్పును మొదటి రాయి దగ్గరే చెప్పేస్తుంది. ఫుల్ సస్పెన్షన్ చాలాకాలం దాచిపెట్టి, వేగం పెరిగి రాయి పెద్దదయ్యాక ఒక్కసారే చెప్తుంది. ఈ విద్యకు తోడు టైరు. గాలి ఎంత గట్టిగా కొడితే అంత మంచిదన్న అలవాటు తారు రోడ్డుది. రెండుంబావు, రెండున్నర అంగుళాల ట్యూబ్‌లెస్ టైరులో, మనిషి బరువును బట్టి పాతిక పీఎస్‌ఐకి అటూ ఇటూ గాలి ఉంటే, చిన్న రాళ్లను టైరే తనలోకి ఇముడ్చుకుంటుంది. వెనక షాకర్ చేసే పనిలో కొంత ఇలా టైరుతోనే జరిగిపోతుంది.

ఇక మన తొవ్వలు. జ్యోతినగర్ నుంచి ఎటు బయల్దేరినా మొదట తారు రోడ్డే, అదీ బొగ్గు లారీల మధ్య. ఆ తర్వాత దొరికేవి చెలకల నడుమ మొరం బాటలు, కాలువ కట్టలు, గోదావరి ఒడ్డు ఇసుక, రామగిరి ఖిల్లా వైపు పోతే గుట్టల కాలిబాటలు. మొరం మీద చక్రం జారుతుంది; దానికి మందు మంచి పట్టున్న టైరు. ఇసుకలో దిగబడుతుంది, దానికి మందు టైరు వెడల్పు, తక్కువ గాలి. వానాకాలం నల్లరేగడిలో మట్టి టైరుకు చుట్టుకుని చక్రమే తిరగదు. అక్కడ షాకర్ చేసేదేమీ లేదు, పైగా కీళ్లు, సందులు ఎక్కువున్న బండిని కడగడమే ఒక పూట పని. గుట్ట మీది నుంచి రాళ్లలో దిగేటప్పుడు మాత్రం వెనక షాకర్ విలువ తెలుస్తుంది. కానీ మొత్తం ప్రయాణంలో ఆ ముక్క చాలా చిన్నది; మిగతా దూరమంతా ఆ బరువును కాళ్లే మోయాలి. ఓపెన్‌కాస్టుల పక్కన లేచిన మట్టి గుట్టలను చూస్తే ఇంతకంటే మంచి ట్రయల్ ఏముంటుంది అనిపించవచ్చు. అటు పోకూడదు. గని పరిధిలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టరాదు. వదులుగా పోసిన మట్టి జారుతుంది. అందులో కలిసిన బొగ్గు తనంతట తానే అంటుకుని లోలోపల రగులుతుండవచ్చు కూడా.

దుమ్ము సంగతి అంతకంటే ముఖ్యం. బొగ్గుపొడి, బూడిద, మొరం ధూళి మన దారుల్లో కలిసే ఉంటాయి. షాకర్ గొట్టం జారే చోట ఒక రబ్బరు సీలు ఉంటుంది. దాని అంచున పేరుకున్న సన్నపొడి ఉప్పుకాగితంలా గొట్టం నునుపును గీసేస్తుంది. ముందు షాకర్ కింది గొట్టాలను సుమారు 50 గంటల వాడకానికోసారి విప్పి, తుడిచి, నూనె మార్చమని తయారీదారులు చెప్తారు. వారానికి ఆరు గంటలు తొక్కేవారికి ఇది రెండు నెలలకోసారి వచ్చే పని. సరైన పానలు, నూనె, సీళ్లు ఉంటే ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ఫుల్ సస్పెన్షన్‌లో దీనికి తోడు వెనక షాకర్, దాన్ని ఫ్రేముకు కలిపే కీళ్లు, ప్రతి కీలులోనూ బేరింగులు. వెనక షాకర్ డ్యాంపరును పూర్తిగా విప్పి బిగించడానికి ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. మామూలు సైకిల్ మిస్త్రీ దగ్గర అవి ఉండవు. రాజీవ్ రహదారి పట్టి హైదరాబాద్‌కు పంపాల్సిందే. అది తిరిగొచ్చేదాకా బండి మూలన పడి ఉంటుంది. అదే మిస్త్రీకి హార్డ్‌టెయిల్‌లో చక్రం, చైను, బేరింగులు అన్నీ తెలిసినవే. బండి ఎంత మంచిదన్న ప్రశ్నలో అది ఏడాదికి ఎన్నాళ్లు రోడ్డు మీద ఉంటుందన్న లెక్క కూడా కలిసి ఉంటుంది.

మరి ట్రయల్ సెంటర్ మాటేమిటి? కొండ అడవిలో సైకిళ్లకోసమే బాటలు కట్టి, కష్టాన్ని బట్టి ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు గుర్తులు పెట్టి, కింద పార్కింగు, అద్దె సైకిళ్లు, టీ కొట్టు ఏర్పాటు చేసిన చోటును అలా అంటారు. బ్రిటన్‌లో ఈ పద్ధతి 1990ల్లో వేల్స్‌లోని కోయెడ్ ఎ బ్రెనిన్ అడవిలో నిలదొక్కుకుంది. మనకు దగ్గర్లో అలాంటిది లేదు. హైదరాబాద్ కొత్తగూడలోని పాలపిట్ట సైక్లింగ్ పార్కు కుటుంబాలు తిరిగే చోటు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ నున్నటి దారి. రెండింటికీ వెనక షాకర్ అక్కర్లేదు. అసలైన ట్రయల్ సెంటర్‌లో కూడా బాట మనిషి కట్టినదే. మలుపుల్లో గట్టు లేపి ఉంటుంది, మధ్యలో చిన్న చిన్న దిబ్బలు వరసగా ఉంటాయి. దిబ్బ దిగేటప్పుడు బండిని కిందికి తోస్తే తొక్కకుండానే వేగం వస్తుంది. హార్డ్‌టెయిల్‌లో ఆ తోసిన బలమంతా వేగమవుతుంది. వెనక షాకర్ అందులో కొంత మింగేస్తుంది. ఆకుపచ్చ, నీలం బాటలకు, నేర్పు వచ్చాక చాలా ఎరుపు బాటలకు కూడా ముందు షాకర్ సరిపోతుంది. నలుపు బాటల రాళ్ల దిగుడుల్లో, బ్రేకులు పట్టీ పట్టీ గుంతలు పడిన చోట, రోజంతా మళ్లీ మళ్లీ దిగేవారికి ఫుల్ సస్పెన్షనే మేలు. వేగం, పట్టు, అలసట మూడింటిలోనూ. ఆ ఒక్కరోజుకు అక్కడే అద్దెకు తీసుకోవచ్చు.

ప్రపంచ విజేతలు ఫుల్ సస్పెన్షన్ వాడుతున్నారు కదా అన్నది బలమైన అభ్యంతరం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో చెక్ రైడర్ యారోస్లావ్ కుల్హావీ ఫుల్ సస్పెన్షన్ బండి మీద స్వర్ణం గెలిచాడు. హార్డ్‌టెయిల్ మీద వచ్చిన స్విస్ రైడర్ నీనో షుర్టర్‌కు రజతం దక్కింది. అదే షుర్టర్ 2016 రియోలో ఫుల్ సస్పెన్షన్ ఎక్కి స్వర్ణం కొట్టాడు. ఈ సాక్ష్యాన్ని కాదనలేం. కానీ లండన్‌లో ఇద్దరి మధ్య తేడా ఒక్క సెకను. గంటన్నర పరుగులో ఒక్క సెకను. ఆ సెకను కోసం బతికేవారికి వెనక షాకర్ కావాలి, దాన్ని రేసు రేసుకూ విప్పి బిగించే మెకానిక్కులూ కావాలి. ఆదివారం పొద్దున రామగిరి దాకా పోయి, ఎండ ముదిరేలోపు ఇంటికి చేరాలనుకునేవారి లెక్క వేరు.

రెండో అభ్యంతరం నడుము. గని పనిలో వంగి వంగి, లేదా కంట్రోల్ రూములో కూర్చుని కూర్చుని నడుము పట్టేసినవారికి వెనక షాకర్ వరం కాదా? కొంతవరకు నిజమే. డిస్కు సమస్య ఉన్నవారు, వయసు మీద పడ్డాక గంటల తరబడి కూర్చునే తొక్కాలనుకునేవారు వైద్యుణ్ని అడిగి ఫుల్ సస్పెన్షన్ తీసుకుంటే అందులో ఆడంబరం ఏమీ లేదు. మిగిలినవారి నొప్పికి మాత్రం చాలాసార్లు కారణం వెనక షాకర్ లేకపోవడం కాదు. తప్పు సైజు ఫ్రేము, తప్పు ఎత్తులో సీటు, రాయిలా బిగిసిన టైరు. ఆ మూడూ సరిచేశాక కూడా నొప్పి పోకపోతే అప్పుడు లక్ష మాట ఆలోచించవచ్చు.

ఒక విషయం ఈ లెక్కను మార్చవచ్చు, అది మన దగ్గరే ఒక ట్రయల్ సెంటర్ రావడం. వేల్స్‌లో ఒకప్పటి బొగ్గులోయ ఆఫాన్‌లో ఇప్పుడు పేరున్న ట్రయల్ సెంటర్ ఉంది. గని కార్మికుల మ్యూజియం కూడా ఆ లోయలోనే ఉంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు కుయూనా ఇనుప గనుల గుంతల చుట్టూ 2011లో సైకిల్ బాటలు తెరిచారు. మన దగ్గరా గనులను చూసే పర్యాటకం మొదలైంది, సింగరేణి గనులను చూపించే ఆర్టీసీ బస్సు 2022 చివర్లోనే బయల్దేరింది. తవ్వకం ముగిసి, చదునుచేసి, చెట్లు నాటి, భద్రమని తేల్చిన మట్టి గుట్ట మీద ఒక నీలం బాట అడగడం అత్యాశేమీ కాదు. అలాంటిది వచ్చినా మొదట దాని మీద తిరిగేది హార్డ్‌టెయిల్ పిల్లలే. కాబట్టి కొనబోయేవారికి చెప్పేది ఇంతే. డ్యాంపరు ఉన్న మంచి ముందు షాకర్, మీ ఒంటికి సరిపడే ఫ్రేము, వెడల్పు టైర్లు, తలకు హెల్మెట్, వీటి మీద డబ్బు పెట్టండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం తొక్కండి. వెనక చక్రం ఎగిరి ఇబ్బంది పడ్డ చోట్లను గుర్తుపెట్టుకోండి. అవి పది వేళ్లు దాటితే, అదీ మోకాళ్లు మడవడం వచ్చాక కూడా దాటితే, రెండో షాకర్ మీకోసమే. లేకపోతే ఆ లక్ష మీదే.