దేవయానియు నాయుర్దానమును

ఆంధ్రమహాభారతమున నాదిపర్వ తృతీయాశ్వాసము పాఠశాలలకును బండితగోష్ఠులకును మిక్కిలి పరిచితమైన భాగము. గురుశుశ్రూషకుఁ గచుఁడును, పితృభక్తికిఁ బూరుఁడును, తీఱని కామమునకు యయాతియు నిదర్శనములుగా మన విద్యార్థుల కందఱకుఁ దెలియుదురు. దేవయాని మాత్రము కోపమునకు నిదర్శనమై నిలిచిపోయినది. కచుని శపించినది, తాను శాపము పొందినది, రాజపుత్రిని దాసిగాఁ జేసికొన్నది, తుదకుఁ దండ్రితో మొఱపెట్టి మగనికి ముదిమి తెప్పించినది. ఇంతటితో నామె కథ చెల్లినదని పాఠము చెప్పి పుస్తకము మూయుచున్నాము. నేనును బెక్కేండ్లు అట్లే చెప్పితిని. ఒకనాఁడు తరగతిలో నొక బాలుఁడు లేచి, “కచునకు దేవయానిమీఁదఁ బ్రేమ లేనిచోఁ బూవులును బండ్లును ఏల తెచ్చి యిచ్చెను?” అని యడిగెను. అప్పటికిఁ దోఁచిన సమాధానము చెప్పి వానిఁ గూర్చుండఁబెట్టితిని గాని, యా ప్రశ్న నన్ను విడువలేదు.

లోకమున నొరులకు లేని శక్తి గలవారు, ఆ శక్తితోఁ బొందరాని బంధమును, ఇంకను గొంత యాయువును గోరి పడు వేదన యీ కథలలో నంతటను గలదు. శుక్రునకు మృతసంజీవని కలదు. కచుఁడు దానిని సంపాదించెను. యయాతి చక్రవర్తి. దేవయానికి స్వంతమగు విద్య యేదియు లేదు. కాని వారి శక్తి కదలిన ప్రతిచోటను దానిని గదలించినది యామె కోరికయే. కదలిన ప్రతిసారియు దాని ఫల మామెను దప్పించుకొని పోయినది. ఈ విషయమును గమనింపక యామెను గోపిష్ఠి యని త్రోసివేయుట సరికాదని నా యభిప్రాయము.

తృతీయాశ్వాసమునకుఁ బూర్వమే, సర్పయాగప్రసంగమున, రురుని కథ వచ్చును. ఆ కథను ముందు చూచినఁగాని దేవయాని కథలోని లోటు తెలియదు. ప్రమద్వర విశ్వావసువను గంధర్వునకు మేనకయందుఁ బుట్టి, స్థూలకేశుని యాశ్రమమునఁ బెరిగిన కన్య. పెండ్లి దగ్గఱపడినప్పుడు పాము కఱచి ప్రాణము విడిచినది. రురుఁడు భృగువంశ్యుఁడు, చ్యవనుని మనుమఁడు. అతఁడు మొదట నేమి చేసెనో చూడుఁడు. తన తపస్సును, దానములను, గురుసేవను బేర్కొని, యవి నిజమైనచో నీమె బ్రదుకుఁ గాక యని ప్రార్థించెను. ప్రమద్వర లేవలేదు. పుణ్యమంతయు నెదుటఁ బెట్టినను లేవని యామె, దేవదూత మాటమీఁద నతఁడు తన యాయువులో సగము నిచ్చినంతనే లేచినది. భృగువంశపు తపోబలమును ముందుగా విఫలము చేసి చూపి, పిదప సగమాయువును ఫలింపఁజేయుట కథకునకు యాదృచ్ఛికమని నేననుకొనను. ఈ కావ్యమున నాయువు పుట్టింపఁబడునది కాదు. ఒకరి పాలు తగ్గి మఱియొకరి పాలు పెరుఁగును. రురుఁ డా లెక్క నెఱిఁగి యిచ్చెను. (అంతటితో నతనికి శాంతి చిక్కినదా యన్నచోఁ జిక్కలేదు. మిగిలిన సగమాయువుతోఁ గఱ్ఱ చేతఁబట్టి కనఁబడిన పామునెల్లఁ గొట్టుచుఁ దిరిగెను; తుదకు డుండుభమను విషము లేని పాము నోరు తెఱచి బుద్ధి చెప్పవలసి వచ్చినది. ఈ చిన్న యుపకథను మనవారు సాధారణముగా విడిచిపెట్టుదురు. విడువఁదగినది కాదు.)

ఇఁక మృతసంజీవని. రురుని సగమాయువునకును దీనికిని భేదమేమి? శుక్రునకు నష్టము లేదు. దానవులు యుద్ధమునఁ జచ్చినఁ దెచ్చి బ్రదికించును. దేవగురువగు బృహస్పతి కీ విద్య లేదు గనుకఁ గచుఁడు రావలసివచ్చెను. దేవతలు కచునితో నేమనిరి? శుక్రునకుఁ గూఁతురనినఁ బ్రాణము. ఆమె మెప్పు పొందినచో విద్య లభించు ననిరి. కచుఁడు తాను బృహస్పతి కొడుకునని శుక్రునియొద్ద దాఁచలేదు. ఆ సత్యసంధత నందఱును బొగడుదురు, నేనును బొగడుదును. కాని దేవతలు చెప్పిన రెండవ మాటను దేవయానికిఁ జెప్పినట్లు కథలో నెక్కడను లేదు. మూలమునఁ గచుఁ డామెకై పాడెను, ఆడెను, వాద్యములు మ్రోయించెను, పూవులును బండ్లును దెచ్చెను. నా విద్యార్థి యడిగిన ప్రశ్నకు సమాధాన మిచ్చట నున్నది. ఆ పూవులు కార్యార్థమై తెచ్చినవి. అయినను, పుచ్చుకొన్న యామెకు వానిలోఁ గార్యము కనఁబడుట యెట్లు?

నన్నయ రచనలో నామె యెట్టి మనసుతోఁ బుచ్చుకొన్నదో తెలిపెడి పద్యమొకటి కలదు. పండితులకెల్లఁ గంఠస్థమగుటచే దానిని నే నుదాహరింపను. కచుఁడు ఆవులఁ గాచుటకుఁ బోయి రాని సాయంకాలము దేవయాని తండ్రితోఁ జెప్పిన మాటలవి. ప్రొద్దు గ్రుంకినది, ఆవులు తమంతఁ దామే వచ్చినవి, తండ్రి యగ్నిహోత్రములు వేల్వఁబడినవి, కచుఁడు మాత్రము రాలేదు. అలంకారికు లిందు స్వభావోక్తిని జెప్పి, యక్షరరమ్యతను మెచ్చి యూరకుందురు. నాకుఁ దోఁచునది వేఱు. ఈ పద్యమున దేవయాని యేడ్వలేదు, ప్రేమయని చెప్పలేదు, బ్రదికింపుమని యడుగలేదు. ఇంటి దినచర్యలోని పనులన్నియు వానివాని వేళకు జరిగినవి, ఒక మనుష్యుఁడు తక్కువయైనాఁ డని లెక్క చెప్పినది. కన్నియ మనసు నింత తక్కువ మాటలలోఁ జూపిన చోటు లాదిపర్వమున మఱికొన్ని మాత్రమే యుండును. దానవులు కచునిఁ జంపి, మూలమునఁ దోడేళ్లకు వైచిరి. నన్నయ యా క్రౌర్యమును దగ్గించి శవమును సాలవృక్షమునఁ గట్టించినాఁడు. ఈ మార్పు వలన మన దృష్టి చంపినవారిమీఁదఁ బోక, ఎదురుచూచుచున్న యామెమీఁద నిలుచును.

దానవులు మఱలఁ జంపి, కాల్చి, యా భస్మమును సురలోఁ గలిపి శుక్రునకే త్రాగించిరి. ఇప్పుడు సంజీవనికిని వెల వచ్చినది. కచుఁడు బ్రదికినచో శుక్రుని కడుపు చీల్చుకొని రావలెను. మూలమున శుక్రుఁడు కూఁతునకు నీ మాట చెప్పి, యెవరు కావలెనో చెప్పుమన్నట్లు నిలువఁగా, నామె యిద్దఱి నాశమును దన్ను నిప్పువలెఁ గాల్చుననెను. తండ్రిని విడువదు, కచుని విడువదు. ఆమె మొండితనమువలననే శుక్రుఁ డెన్నఁడు నెవ్వరికి నీయని విద్యను దన కడుపులోని శిష్యునకు నుపదేశించెను. కచుఁడు వెలువడి గురువును బ్రదికించెను. వేల యేండ్ల తపస్సుతోనైన రాని విద్య దేవతల కామె ద్వారమునఁ జేరినది.

పిమ్మటఁ గచుఁడు సెలవు గైకొనఁబోవ, నామె తన్నుఁ బెండ్లియాడు మన్నది. కచుఁడు గురుపుత్రి సోదరితో సమానయను ధర్మమును జూపెను. నన్నయ కచుఁ డింతటితో నిలుచును. మూలకచుఁ డింకొక యడుగు ముందునకు వైచి, తానును శుక్రుని కుక్షిలో నుండి వచ్చితిని గనుక నామెకు నిజముగనే తోఁబుట్టువు నైతి ననెను. ఈ వాదము నెన్నిసారులు చదివినను నాకు మనసు కలఁగును. ఆమె యే ప్రాణమును మరల మరల యాచించి తెప్పించెనో, యా తెప్పించిన విధమే యామెకు నతనిని గాకుండఁ జేసినది. బ్రదికింపకున్నచోఁ గచుఁడు లేఁడు. బ్రదికించినచో నతఁడు సోదరుఁడు. ధర్మశాస్త్రరీత్యాఁ గచుని మాటలోఁ దప్పు లేదు. కాని తప్పు లేని మాట చెప్పి పోవుటకును, పోవుచు నొక్కసారి వెనుదిరిగి చూచుటకును భేదము కలదు. ఆమె నీ విద్య నీకుఁ బనిచేయకుండుఁ గాక యనెను. అతఁడు నాకుఁ బనిచేయకున్నను నేను జెప్పినవారికిఁ బనిచేయు ననియు, నిన్ను ఋషికుమారుఁ డెవ్వఁడును బెండ్లియాడకుండుఁ గాక యనియుఁ బ్రతిశాప మిచ్చెను. (తనకు ఫలింపని విద్య నొరులకుఁ జెప్పుచుఁ గాలము గడపుట మా బోధకుల కందఱకు ననుభవమే, ఏ దేవయాని శపించెనో తెలియదు.) వంగకవి రవీంద్రుఁడు 19వ శతాబ్ది చివర నీ ఘట్టమును నాటకీయకావ్యముగా వ్రాయుచుఁ గచునిచేఁ బ్రతిశాపము మాన్పించి, దేవయాని సుఖముండుఁ గాక యని దీవింపఁజేసెను. అందమైన మార్పే. కాని భారతకథలో నా ప్రతిశాపము లేనిచో యయాతి కథకుఁ దలుపు తెఱచుకొనదు.

శర్మిష్ఠ విషయమున దేవయానిని నేను సమర్థింపను. బట్టలు గాలికిఁ గలసిపోయి పుట్టిన కలహమది. శర్మిష్ఠ నీ తండ్రి మా తండ్రిని స్తుతించి బ్రదుకువాఁ డనుటయు, నూతఁ ద్రోయుటయు నేరములే. అందులకు వేయిమంది కన్యలతోడ రాజపుత్రిని జీవితకాలము దాసిగాఁ గోరుట నేరమునకు మించిన దండనము. అయినను ఆ దండనమువెనుక నున్న భయమును మఱువరాదు. తండ్రి విద్య మూఁడులోకములను గదలించుచుండఁగా, నా తండ్రిని యాచకుఁడని రాజపుత్రి యన్నప్పుడు, తనకుఁ దన స్థానమేమియో తెలియని కన్య యెట్లు మాటలాడునో యట్లే యామె మాటలాడినది. నూతినుండి తన్ను వెలికిఁ దీసిన యయాతి కుడిచేయి పట్టెనని దానినే పాణిగ్రహణముగా వాదించిన తీరు గమనింపుఁడు. కచుని సేవలో బంధము చూచినట్లే, యయాతి సాయములోను బంధము చూచినది. ఎవరైనఁ జేయి చాఁచినఁ జాలును, ఆ చేయి విడువరాదు. ఇది గర్వమని యెట్లందుము?

యయాతి యశోకవనమున శర్మిష్ఠవలన ముగ్గురు కొడుకులఁ గన్న సంగతి తెలిసి దేవయాని తండ్రికడ కేగెను. శుక్రుఁడు ముదిమి శపించెను. అప్పుడు యయాతి తన కింకను యౌవనము కావలెననుటకుఁ జెప్పిన కారణము, దేవయానితోడి సుఖము తన కింకను దీఱలేదని. పండితులు దీనిని మఱియొకసారి చదువుదురు గాక. తన్ను వంచించెనని యే స్త్రీ మొఱపెట్టినదో, యా స్త్రీ పేరు చెప్పి యాయువు నడుగుట! శుక్రుఁడు శాపమును మరల్పలేఁడు, మార్చుకొనుట కనుమతింపఁగలఁడు. చచ్చినవానిఁ బ్రదికింపఁగల యా మహానుభావుఁడు వచ్చిన ముదిమిని దీయలేఁడు. సంజీవని ప్రాణమును దిరిగి తెచ్చునుగాని కాలమును దేలేదు. కాలము కావలెనన్న రురుఁడు చేసినట్లొకఁడు తన పాలు కోసి యీయవలసినదే. ఇచ్చినవాఁడు పూరుఁడు. యదువును, తుర్వసుఁడును, ద్రుహ్యుఁడును, అనువును ఒల్లమనిరి. పూరుఁడు వెల యడుగలేదు. యయాతి మాత్రము వేయేండ్లని గడువు పెట్టి, తిరిగి యిత్తునని చెప్పి పుచ్చుకొనెను. రురుఁ డిచ్చిన సగ మెన్నఁడును దిరిగి రాలేదు. కావుననే యొకటి దానమయ్యెను, రెండవది యెరువు.

ఆ వేయేండ్లలో దేవయాని యేమయ్యెను? సంస్కృతభారతమున యయాతి భార్య లిద్దఱతోడను చిరకాలము విహరించి, పిదప విశ్వాచి యను నప్సరసతోఁ జైత్రరథమున విహరించెనని మాత్రము కలదు. ఎవరి పేరు చెప్పి కాలమడిగెనో యామె యా కాలములో నెట్లుండెనో కవి చెప్పలేదు, తరువాతివా రడుగలేదు. శాకుంతలమునఁ గణ్వుఁడు కూఁతును దీవించునప్పుడు యయాతికి శర్మిష్ఠవలె భర్తకు బహుమతవు కమ్మనెను. దేవయానివలె నుండుమని దీవించిన తండ్రి యే కావ్యమునను నాకుఁ గనఁబడలేదు. 16వ శతాబ్దిలోఁ బొన్నిగంటి తెలగనార్యుఁ డచ్చతెనుఁగునఁ గావ్యము వ్రాసి యమీనుఖానున కంకితమిచ్చినప్పుడును దానికి యయాతిచరిత్రమనియే పేరు. ఖాండేకరు 1959లో మరాఠీలో వ్రాసిన నవలకు నదియే పేరైనను, అందు దేవయాని తన కథఁ దానే చెప్పుకొనుట కొంత న్యాయము.

వేయేండ్లు గడచిన పిదప యయాతి యౌవనమును దిరిగి యిచ్చి పూరునకుఁ బట్టము గట్టఁబోవ, ప్రజ లడ్డుపడిరి. శుక్రుని దౌహిత్రుఁడును దేవయాని కొడుకును జ్యేష్ఠుఁడునగు యదువు నెట్లు దాఁటిపోదువని మూలమున వా రడిగిన ప్రశ్న. కొడుకు హక్కును నిరూపించు బంధుత్వముగా మాత్రమే యామె పేరక్కడ వినవచ్చును. యయాతి బదులు చెప్పుచు యదువు తన మాట వినలేదనెను. వినిన కొడుకే రాజగునని శుక్రుఁడు తన కిచ్చిన వరమునుఁ జెప్పెను. ఆ బదులులో దేవయాని పేరు లేదు.