కంటికి తెలిసే లయ

1955 ఫిబ్రవరిలో జ్యూరిక్ నగరంలోని టోన్‌హాలేలో బీథోవెన్ కచేరి జరిగింది. దానికి వేసిన పోస్టరులో బీథోవెన్ ముఖం లేదు, వయొలిన్ లేదు. ఒకే కేంద్రం చుట్టూ పెద్ద వంపులుగా సాగే నల్లని పట్టీలు, నడిమి తెల్లని జాగాలో చిన్న అక్షరాల్లో వివరాలు. అంతే. రూపొందించినవాడు యోసెఫ్ ముల్లర్ బ్రోక్‌మన్. సంగీతానికి ఇంతకన్నా దగ్గరగా వచ్చిన కచేరి పోస్టరు నేను చూడలేదు.

ఆ పట్టీల మందాన్ని గమనించండి. సన్నదానికి తర్వాతిది రెట్టింపు, దానికి మరొకటి రెట్టింపు: 1, 2, 4, 8, 16, 32. ఏ పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కూడా వృత్తాన్ని సమాన కోణాలుగా విభజించుకుని తేల్చాడు. సరళీ స్వరాలను మూడు కాలాల్లో సాధన చేసినవారికి ఈ లెక్క కొత్త కాదు. తాళం వేసే చెయ్యి నడక మార్చదు. తాళంలో ఒక్కో అక్షరానికి ఒక స్వరం, తర్వాత రెండు, ఆపైన నాలుగు. ఈ పోస్టరులో ఆ చెయ్యి పని చేసేది కేంద్రబిందువు. అందుకే పట్టీలు ఎంత విజృంభించినా చూపు చెదరదు.

ముల్లర్ బ్రోక్‌మన్ మొదట్లో బొమ్మలు గీసినవాడే, రంగస్థలానికి అలంకరణలు చేసినవాడే. భార్య వయొలిన్ విద్వాంసురాలు. 1950ల తొలినాళ్ల నుంచి టోన్‌హాలేకి పోస్టర్లు వేస్తూ వేస్తూ బొమ్మను పక్కన పెట్టాడు. వాద్యం బొమ్మ వేస్తే అక్కడ వాద్యం ఉందని తెలుస్తుంది, సంగీతం ఎలా నడుస్తుందో తెలియదు. నడక కావాలంటే కొలత కావాలి, ఖాళీ కావాలి. స్విట్జర్లాండ్ వీధి పోస్టర్లకు 90.5 × 128 సెంటీమీటర్ల ఒకే కొలత ఉండటం కూడా ఈ పద్ధతికి కలిసొచ్చింది. పక్కవాడికన్నా పెద్ద కాగితం అంటించి గెలవడం కుదరదు కాబట్టి, ఉన్న జాగాను ఎలా పంచాలన్నదే అసలు విద్య అయింది. కాగితాన్ని కనబడని గళ్లుగా విభజించి అక్షరాన్నీ ఆకారాన్నీ వాటికి కట్టుబడేలా కూర్చే ఆ పద్ధతిని 1981లో ఆయన పుస్తకంగా రాశాడు. ఈనాటికీ డిజైన్ విద్యార్థులు దాన్నే తిరగేస్తున్నారు.

మన కచేరికి అదే పోస్టరును దించుకోమని కాదు. మన అవసరాలు వేరు. పాశ్చాత్య కచేరిలో ఏ కృతులు వినిపిస్తారో ముందే అచ్చవుతుంది. మన దగ్గర విద్వాంసుడు ఏ రాగం ఎత్తుకుంటాడో చాలాసార్లు వేదిక మీదే తెలుస్తుంది. కాబట్టి పోస్టరు బరువంతా పేర్ల మీదే పడుతుంది. గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం: ఎడమన వాద్యం, కుడిన కళాకారుడి పేరు, అన్ని పేర్లూ ఒకే నిలువు గీత నుంచి మొదలైతే చాలు, బృందం బృందంగా కనిపిస్తుంది. దాతల ఫొటోల కింద మృదంగ విద్వాంసుడి పేరు నలిగిపోయిన ఫ్లెక్సీ చూస్తే నాకు బాధగా ఉంటుంది. గాత్రం, వయొలిన్ ఆగినప్పుడు తనియావర్తనం వాయించే మనిషి ఆయన.

తెలుగు లిపితో ఇంకో చిక్కుంది. 'ముత్తుస్వామి దీక్షితర్' అని ఒక వరసలో వేస్తే ఆ వత్తులన్నీ కిందికి దిగుతాయి. దాని కింది వరసలో 'కీర్తనలు' ఉంటే గుడిదీర్ఘం పైకి లేస్తుంది. రెండూ ఢీకొంటాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరస ఎడం మనకు చాలదు. అక్షరం ఎత్తు చూసి కాదు, పై వరసలో అన్నిటికన్నా దిగువకు దిగే వత్తు నుంచి కింది వరసలో పైకెత్తిన గుడి దాకా కొలిచి ఎడం నిర్ణయించుకోవాలి. ఇంగ్లీషులోలా పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాల భేదం మన లిపిలో లేదు కనుక ప్రధాన కళాకారుడి పేరును పరిమాణంతోనో, మందంతోనో, చుట్టూ వదిలిన ఖాళీతోనో నిలబెట్టాలి. మూడింటినీ ఒకేసారి వాడితే పేరు అరిచినట్టుంటుంది. నేనైతే ఖాళీనే ఎంచుకుంటాను. అచ్చుకు పంపేముందు ఒక ప్రతిని గోడకు అంటించి, రోడ్డు అవతలి నుంచి తేదీ, వేళ, సభ పేరు చదివి చూడాలి. అవి అందకపోతే తీసేయవలసింది అలంకారాన్నే.