వరస ఏమిటి?

రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో చైనా సీరియల్ నడుస్తుంది. అమ్మకి ఇంగ్లిష్ రాదు, నాకు చైనీస్ రాదు. తెర కింద పడే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదివి నేను గబగబా తెలుగులో చెబుతుంటాను. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటుంది. అచ్చుకిచ్చే అనువాదమైతే దిద్దుకోడానికి వారం పది రోజులుంటాయి, ఇక్కడ రెండు సెకన్లు. పైగా అమ్మ మాట వినడంతో ఊరుకోదు, మొహాలు చూస్తుంది. ‘‘వాడు అంత మండిపడుతుంటే నువ్వు ‘సరేలే’ అంటావేంటే?’’ అంటుంది. ఇన్నేళ్లలో ఏ ఎడిటరూ నా తప్పుల్ని అంత తేలిగ్గా పట్టుకోలేదు.

ఈమధ్య చూసింది ‘గో అహెడ్’. 2020 ఆగస్టులో హునాన్ టీవీలో వచ్చింది. చైనీస్ పేరుకి ‘కుటుంబం పేరిట’ అని అర్థం. లీ హైచావ్‌కి భార్య పోయింది. నూడుల్స్ హోటల్ నడుపుకుంటూ కూతురు జియన్‌జియన్‌ని పెంచుతుంటాడు. పై అంతస్తులోకి పోలీసు ఉద్యోగి లింగ్ కుటుంబం వస్తుంది. అంతకుముందే వాళ్ల చిన్నపిల్ల గొంతులో అక్రోటు అడ్డుపడి చనిపోయింది. ఆ నింద తల్లి కొడుకు మీద వేసి, చివరికి ఇల్లొదిలి పోతుంది. ఇక మూడో పిల్లాడు జిచ్యూ. హైచావ్‌కి పెళ్లిసంబంధంగా వచ్చినావిడ కొడుకు. ఆవిడ డబ్బు అప్పు తీసుకుని, పిల్లాణ్ణి వదిలేసి మాయమైంది. డబ్బూ పోయి, పెళ్లీ తప్పి, పిల్లాడు మిగిలితే హైచావ్ చేసిందల్లా ఇంకో గిన్నె నూడుల్స్ వండటం.

ఇక్కడే అమ్మ చెయ్యి ఆగింది. ‘‘ఇంతకీ ఆ పిల్లాడు వీళ్లకి ఏమవుతాడే?’’

మనవాళ్లు మనిషిని చూడగానే అడిగే ప్రశ్న అది. పేరు తర్వాత వరస తేలాలి. చైనావాళ్లకీ ఈ పట్టింపు ఉంది. నాన్నకి అన్న అయితే ‘బోబో’, తమ్ముడైతే ‘షుషు’, అమ్మకి అన్నో తమ్ముడో అయితే ‘జ్యూజ్యూ’. ఇంగ్లిష్ ఈ ముగ్గుర్నీ ‘అంకుల్’ అని ఒకే గాటన కట్టేస్తుంది. నాకా ఇబ్బంది లేదు: పెదనాన్న, బాబాయి, మావయ్య వరసగా వచ్చి కూచుంటారు. మనలాగే వాళ్లకీ ఇంటిపేరు ముందొస్తుంది. కాబట్టి ‘లీ, లింగ్, హ... మూడు ఇంటిపేర్లు, ఒకే ఇల్లు’ అంటే చాలు, అమ్మకి సంగతి బోధపడింది.

ఇంగ్లిష్ నన్ను ముంచింది ‘గ’ దగ్గర. అన్నయ్య అని. జియన్‌జియన్ ఆ మగపిల్లలిద్దర్నీ అదే పిలుపు పిలుస్తుంది. ఏడుస్తూ, అరుస్తూ, డబ్బులడుగుతూ. నేను చూసిన సబ్‌టైటిల్స్‌లో చాలాచోట్ల ఆ మాట ఎగిరిపోయి ఉత్త పేరు మిగిలింది. నేను చెవితో పట్టుకుని ‘అన్నయ్యా’ అని తిరిగి పెడుతూ వచ్చాను. ఆ పిలుపు చైనాలో మరీ బరువైనది. 1980 దరిదాపుల నుంచి 2015 చివరిదాకా ఒక్క బిడ్డ నియమం నడిచిన దేశం. పట్నాల్లో ఒకటి రెండు తరాల పిల్లలకి సొంత అన్నయ్య అనేవాడే లేడు. ఆ మాట పక్కింటివాళ్లకో, పెద్దనాన్న పిల్లలకో మిగిలింది. ఆ తరం ఆడపిల్లకి ఒకేసారి ఇద్దరు అన్నయ్యలు దొరికే కథ ఎందుకు కళ్లు తడిపిందో ఊహించొచ్చు.

మా ఊళ్లోనూ అందరికీ అందరూ ఏదో ఒకటి అయ్యేవాళ్లు. పాలు పోసే ఆయన నాకు బాబాయి, బట్టలుతికే ఆవిడ అత్త. ఆ వరసలు ఎవరు, ఎప్పుడు కలిపారో తెలీదు. చిన్నప్పుడు అదంతా గొప్ప ప్రేమ అనుకునేదాన్ని. తర్వాత గుర్తొచ్చింది, ఆ బాబాయి ఏనాడూ మా వంటింటి గడప దాటి కంచం ముందు కూచోలేదని. నోటితో కలిపిన వరస నోటి దగ్గరే ఆగింది. హైచావ్ ఇంట్లో తలకిందులుగా జరిగింది. గిన్నెలు ముందొచ్చాయి. ఎవరికి ఉల్లికాడలు పడవో, ఎవరు ఎంత తింటారో తెలిశాక పిలుపులు వాటంతటవే కుదురుకున్నాయి. ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గర పెద్దగా ఏమీ జరగని దృశ్యాలే ఈ సీరియల్‌లో నాకు నచ్చినవి.

 

కథ ముందుకెళ్లాక ఒక అన్నయ్య సింగపూర్, ఇంకొకడు ఇంగ్లండ్ వెళ్లి తొమ్మిదేళ్లకి తిరిగొస్తారు. పెద్దవాడు లింగ్ షియావ్ జియన్‌జియన్‌ని ప్రేమిస్తున్నానంటాడు. చైనాలోనే చాలామందికి ఇది మింగుడుపడలేదు. నాకూ కథ అక్కడినుంచి పలచబడిందనిపించింది. అమ్మయితే రిమోట్ లాక్కుంది.

‘‘అన్నయ్యా అని పిలిచి ఇదేం పాడుపని?’’

‘‘రక్తసంబంధం లేదమ్మా.’’

‘‘రక్తం గురించి ఎవరడిగారు? అసలు తప్పు మొదట్లోనే జరిగింది. ఆ పిల్ల పై అంతస్తు పోలీసాయన్ని మావయ్యా అనుండాల్సింది. అప్పుడు వాడు బావయ్యేవాడు. ఏ గొడవా లేకపోను.’’

ఆ దేశంలో ఆ సౌకర్యం లేదని ఎలా చెప్పను? వాళ్ల ‘బ్యావ్’ వరసలో మేనమామ పిల్లలూ, మేనత్త పిల్లలూ, పిన్ని పిల్లలూ అందరూ ఒకటే. 1980 వివాహ చట్టం ఆ పెళ్లిళ్లన్నీ కాదనేసింది కూడా. ఇదంతా రెండు సెకన్లలో చెప్పే పని కాదు. అందుకని చేయకూడని పని చేశాను. మర్నాటి నుంచి పోలీసాయన్ని మావయ్యని చేసేశాను. ‘మావయ్యా, భోంచేశావా?’, ‘మావయ్యా, నాన్న రమ్మంటున్నాడు’. అమ్మ నెమ్మదించింది. నాలుగు రోజులు కథ సాఫీగా సాగింది.

అయిదో రోజు అమ్మ ఉన్నట్టుండి తలెత్తింది. ‘‘ఆగు. ఆ పిల్ల ఇద్దర్నీ ‘బా’ అనే అంటోంది. కన్నతండ్రినీ బా, ఆ పోలీసాయన్నీ ఏదో పేరు కలిపి బా. నువ్వేమో ఒకర్ని నాన్నంటావు, ఒకర్ని మావయ్యంటావు.’’

‘లింగ్ బా’ అంటే లింగ్ నాన్న అని ఒప్పుకున్నాను.

అమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది. ‘‘అయితే మొదటినుంచీ మళ్లీ పెట్టు. ఈసారి సరిగ్గా చెప్పు.’’