దిగిపోండి అన్న కేక

2020 ఆగస్టు 29న పోర్ట్ లూయీ వీధులు నల్లచొక్కాలతో నిండిపోయిన సంగతి మన పాఠక సోదరులు మరచి ఉండరు. వేలాదిమంది నోట ఒక్కటే మాట: దిగిపోండి! మేమూ ఆ గుంపులో నడిచాం. కనుక ఈ నాలుగు మాటలూ ఎవరినో తప్పుపట్టడానికి కాదు, మమ్మల్ని మేమే అడుగుకొంటున్నవి.

జూలై 25న వకాషియో ఓడ పగడపు దిబ్బనెక్కింది. ఆగస్టు 6న నూనె కారడం మొదలయింది. సుమారు 1000 టన్నులు సముద్రం పాలయింది. నడుమ పన్నెండు రోజులున్నాయి. ఆ రోజుల్లో ఎవరు ఏమి నిర్ణయించారు, ఎవరి బల్లమీద ఏ కాగితం ఆగింది? అసలు ప్రశ్నలివి. అయితే "దిగిపోండి" అన్న కేకలో ఇవన్నీ మునిగిపోయాయి. ఓడ కెప్టెనుకు 2021 డిసెంబరులో 20 నెలల శిక్ష పడింది. ఆ ప్రభుత్వమూ 2024 నవంబరు ఎన్నికల్లో ఓడింది. దానితో పన్నెండు రోజుల లెక్క తేలినట్లేనా?

కేకకు ముందు చేతులు కదిలాయన్నది కూడా చెప్పాలి. మాయ్‌బూర్ ఒడ్డున పిల్లాజెల్లా కూర్చొని చెరకు ఆకును గుడ్డల్లో కుక్కి, కుట్టి, నూనెకు అడ్డుకట్టలు కట్టారు. మన తాతల చేతులు కోసిన చెరకే అది!

రాజీనామా అనగానే మన పెద్దలు లాల్ బహదూర్ శాస్త్రిగారిని తలుస్తారు. చెప్పేది మాత్రం సగం కథే. 1956 సెప్టెంబరులో, తెలుగు నేలమీదనే, మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా పోయారు. రైల్వే మంత్రిగా ఆయన రాజీనామా ఇస్తే నెహ్రూగారు పుచ్చుకోలేదు. నవంబరులో తమిళదేశంలోని అరియలూరు దగ్గర మరో రైలు వరదపాలయింది. అప్పుడు పుచ్చుకొన్నారు. శాస్త్రిగారి తప్పుందని కాదు, అదొక మంచి సంప్రదాయంగా నిలవాలని. మరుసటి ఏడే ఆయన మళ్లీ మంత్రి అయ్యారు. ఆయన తనంతట తాను ఇచ్చిన దానికీ, మనం మెడమీద కూర్చొని రాయించుకొనే దానికీ పోలిక ఎక్కడ? ఇంకొక మాట. ఆ రెండు ప్రమాదాలకు నడుమ మూడు నెలలైనా లేవు. శాస్త్రిగారి పెద్దమనసు అందరికీ గుర్తుంది. వంతెనలను ఎవరు తలుస్తున్నారు? మెచ్చుకొనేటప్పుడూ, తిట్టేటప్పుడూ మన చూపు మనిషిమీదనే.

మన సభల తీరూ ఇంతే. ఉగాది ఆహ్వానపత్రంలో ఒక పెద్దాయన పేరు జారిపోయిందని, కార్యదర్శిని నిలబెట్టి అక్కడికక్కడే రాజీనామా రాయించుకొన్న సభ ఒకటి మాకు తెలుసు. చేయెత్తిన వారిలో మేమూ ఉన్నాం. మరుసటి ఏడు ఆ పదవికి ఒక్కరూ ముందుకు రాలేదు, ఆహ్వానపత్రమే అచ్చుకాలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ చెరకు తోటల్లో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. డబుల్ కట్ అనేవారు దానిని. జ్వరంతో పడుకొన్నా కోత తప్పనివారుండేవారు. ఆ కోత కోయించుకొన్నవారి మునిమనుమలం మేము. ఆ పేరు ఎందుకు జారిందని ఆ కార్యదర్శిగారిని ఇంతవరకు అడగనేలేదు.